బోర్డో తోటల మందు, తాడిపత్రి చీనీ మానులు

ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలను గూర్చి మన పత్రికలలో ఎప్పుడైన ప్రస్తావన వచ్చినచో, అది ప్రాయికముగ అచ్చటి ద్రాక్షాసవముల వెలలను గూర్చియో, ఆ తోటల నడుమ నిలిచిన సౌధములను గూర్చియో, భూగృహములలో దశాబ్దముల తరబడి పరిపక్వమగుచుండు సీసాలను గూర్చియో యుండును. ఆ వైభవము కల్ల కాదు. అయినను, ఏటికి 22 అంగుళముల వానయే కష్టముగ కురియు ఈ అనంతపురపు మెట్టసీమకు, అందును పెన్న యొడ్డున నున్న తాడిపత్రి ప్రాంతమునకు, ఆ తోటలనుండి వచ్చి చేరినది మైలుతుత్తమును సున్నమును కలిపి చేయు నీలిరంగు మందు. దాని పేరు బోర్డో మిశ్రమము. చీనీతోట గల ప్రతి రైతు నోటను ఆ పేరు నలుగుచున్నది. ఆ తోటల చరిత్ర యంతటిలోను ఈ మందు పుట్టుకయే మిక్కిలి విలువైన ఘట్టమని నా నమ్మకము.

బోర్డో గరోన్ నది యొడ్డున, అట్లాంటిక్ సముద్రమునకు అనతిదూరమున వెలసిన రేవుపట్టణము. 1152లో ఆ పట్టణము గల అక్విటేను సీమకు వారసురాలగు ఎలియనోరు, మరి రెండేండ్లకు ఇంగ్లండు సింహాసన మెక్కనున్న హెన్రీని వివాహమాడుటతో ఆ సీమ ఆంగ్లరాజవంశపు టేలుబడిలోనికి పోయి, 1453లో కస్టియాన్ యుద్ధమున ఫ్రెంచివారు గెలుచువరకు ఇంచుమించు మూడువందల యేండ్లు అచ్చటి ద్రాక్షాసవము ఓడలకెక్కి ఇంగ్లండునకు తరలుచుండెను. పిదప 17వ శతాబ్దమున డచ్చివారు మెడాక్ ప్రాంతపు చిత్తడినేలలలో కాలువలు త్రవ్వి నీటిని వెడలింపగా, గులకరాళ్ళ దిబ్బలు సేద్యమునకు అక్కరకు వచ్చినవి. గింజపైరునకు పనికిరాదని రైతు పెదవి విరుచునట్టి నేల యది. కాని ఆ రాళ్ళ నడుమ నీరు నిలువదు. తీగ బ్రదుకుదెరువునకై వేరును లోతునకు దింపుకొనును. కాయ చిన్నదై రసము చిక్కనగును. ఎఱ్ఱగరుసు నేలలో బ్రతుకు వెదకుకొను మన సీమవారికి ఈ సంగతి వివరించి చెప్పనక్కరలేదు.

1855లో పారిసు మహాప్రదర్శనమునకై మూడవ నెపోలియను చక్రవర్తి కోరిక మేరకు, బోర్డో వర్తకపు దళారులు ఆయా తోటల సరకు చిరకాలముగ పలుకుచున్న ధరలను బట్టి వానిని అయిదు తరగతులుగ ఏర్పరచిరి. లఫీట్, లతూర్, మార్గో, ఓబ్రియాన్ అను నాలుగును మొదటి తరగతిలో నిలిచినవి. మూతోన్ అను తోట రెండవ తరగతినుండి మొదటి దానికి ఎక్కుటకు 1973 వరకు వేచియుండవలసి వచ్చెను. నేటికిని లోకము ఆ పట్టికనే తలకెత్తుకొని తిరుగుచున్నది.

కాని ఆ పట్టిక వ్రాయబడిన నాటికే తోటలకు చెడుకాలము దాపురించినది. అమెరికానుండి వచ్చిన బూడిదతెగులు ఆకులను కాయలను కప్పివేయగా 1854 నాటి పంట దారుణముగ క్షీణించెను. గంధకపు పొడి చల్లుట నేర్చి ఆ గండమును గడచిరి. అంతలో 1863 ప్రాంతమున దక్షిణపు తోటలలో తీగలు నిష్కారణముగ ఎండసాగినవి. 1868లో మోంపెల్యే నగరపు వృక్షశాస్త్రజ్ఞుడు ప్లాంషోన్ మొదలగువారు తీగలను పెకలించి చూడగా, వేళ్ళను పట్టి రసము పీల్చు పసుపుపచ్చని సూక్ష్మకీటకములు కానవచ్చినవి. ఫిలాక్సెరా యని వానికి పేరు. లక్షల ఎకరముల తోటలు నాశనమైన పిమ్మట తేలిన ఉపాయ మొక్కటే: ఆ పురుగును తట్టుకొనగల అమెరికా జాతి వేళ్ళపై ఫ్రెంచి తీగను అంటుగట్టుట. ఎంత గొప్పయింటి తోటయైనను పరాయి వేరును ఆశ్రయింపక తప్పినది కాదు. బర్గండీలో, ఇంచుమించు నాలుగున్నర ఎకరములు మాత్రమే గల రోమనే కొంటి తోటవారు మందులతో పురుగును అదుపున నుంచుచు పాతవేళ్ళనే కాపాడుకొని వచ్చిరి. తుదకు 1945లో వారును ఆ తీగలను పెకలించి, 1947లో అంటుమొక్కలు నాటవలసినవారైరి.

మందుగ వచ్చిన ఆ అమెరికా మొక్కలతోనే మరియొక మహమ్మారియు వచ్చినది. 1878లో ఫ్రాన్సున పొడసూపిన బూజుతెగులు తడిగాలి తగిలినంతనే ఆకుల అడుగున తెల్లని నూగువలె వ్యాపించి, కాయ పండకముందే ఆకు రాల్చివేయుచుండెను. అప్పటికి బోర్డో విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడుగ నుండిన మిలార్డే 1882 అక్టోబరు చివర సెయింట్ జూలియన్ గ్రామపు తోటల ప్రక్కగ పోవుచు ఒక వింతను గమనించెను. లోపలి వరుసలలో తీగలన్నియు ఆకు రాల్చి మోడులై యుండ, బాట వెంబడి వరుసలలో మాత్రము ఆకులు నిండుగ నిలిచియుండెను; వానిపై నీలపుపొర యొకటి పేరుకొనియుండెను. విచారింపగా, బాటసారులు పండ్లు కోసికొని తినుచున్నందున, విషమని భ్రమింపజేయుటకై మైలుతుత్తమును సున్నమును కలిపి చల్లితిమని తోటవారు చెప్పిరి. కాపలా కొరకు చల్లిన ఆ కలయికలో చికిత్స దాగియున్నదని గ్రహించుట సామాన్యమైన చూపునకు సాధ్యము కాదు. మిలార్డే అచ్చటితో ఆగక, డోజాక్ తోట కార్యనిర్వాహకుడగు దవీదుతోను, రసాయనశాస్త్రజ్ఞుడగు గయోనుతోను కలిసి పాళ్ళు మార్చి మార్చి పరీక్షించి, 1885లో ఫలితమును ప్రకటించెను. 100 లీటర్ల నీటిలో 8 కిలోల మైలుతుత్తము, 30 లీటర్ల నీటిలో 15 కిలోల సున్నము: ఇది నాటి పాలు. దానిని చిన్న చీపురుతో ఆకులపై చిలుకరించెడివారు. ఆకుపైనుండు నీటిబొట్టులో మొలకెత్తజూచు శిలీంధ్రబీజమును మైలుతుత్తములోని రాగి చంపును; రాగి ఆకును కాల్చివేయకుండ సున్నము కాపాడును, వానకు కొట్టుకొనిపోకుండ పట్టియుంచును.

ఆ మందు దేశదేశములకు ప్రాకినది. 20వ శతాబ్దపు తొలిపాదమున మైసూరు సంస్థానములో పనిచేసిన శాస్త్రజ్ఞుడు లెస్లీ కోల్మన్, పోకతోటలను కుళ్ళించుచున్న కొళెరోగమునకు దీనినే ప్రయోగించి మంచి ఫలితమును చూపెను. హైదరాబాదు పరిసరములలోని అనాబెషాహీ ద్రాక్ష పందిళ్ళకును ఇదే దిక్కైనది.

పెమ్మసాని నాయకుల ఆలయములవలన యాత్రికులకును, నాపరాళ్ళవలన ఇండ్లు కట్టువారికిని తెలిసిన తాడిపత్రికి చుట్టుప్రక్కల గ్రామములలో ఈ మందు అవసరము చీనీతోటలవలన కలిగినది. ఇచ్చటి చీనీయు అంటుచెట్టే: క్రింద రంగపూరు నిమ్మ వేరు, పైన సాత్‌గుడి కొమ్మ. బోరు ఎండిన యేడు అప్పుచేసి ట్యాంకర్లతో నీరు తెచ్చి రైతు బ్రతికించుకొను చెట్టు, తడి మొదలును తాకినంతనే బంకతెగులు పాలగుట ఈ కరవుసీమ విచిత్రములలో ఒకటి. ఆ తెగులును కలిగించు ఫైటాఫ్తొరా యనునది ద్రాక్షకు బూజు తెచ్చిన శిలీంధ్రమునకు దగ్గరి చుట్టము. ఒకే మందు రెంటికిని పనిచేయుచున్నది. నీరు మానును తాకకుండ చెట్టు చుట్టును రెండు పాదులు తీసి వెలుపలి పాదులో తడి యిత్తురు. అంటుకట్టిన చోటు మట్టిలో పూడకుండ చూతురు.

మందు కలుపుట నిదానముతో చేయవలసిన పని. కిలో మైలుతుత్తమును పాతగుడ్డలో మూటగట్టి, ప్లాస్టిక్ తొట్టిలోని నీటిలో రాత్రియంతయు వ్రేలాడదీయుదురు, ఇనుపపాత్ర పనికిరాదు. తెల్లవారి కిలో సున్నమును వేరొక తొట్టిలో విరియించి, వడగట్టి, తుత్తపునీటిని అందులోనికి సన్నధారగ పోయుచు కఱ్ఱతో త్రిప్పుదురు. రెండును కలిసి 10 లీటర్లకు రాగా, ఆకాశవర్ణపు చిక్కని పూత సిద్ధమగును. అందు కొడవలిమొన ముంచి తీసి ఎండకు పట్టి చూచెదరు. మొనపై రాగిరంగు ఎక్కినచో సున్నము చాలలేదని యర్థము. "సున్నం తగ్గితే మాను కాలిపోతాది సామీ, అందుకే కొడవలిని అడుగుతాం" అని ఒక పెద్ద రైతు నాతో చెప్పెను. బోర్డో ప్రయోగశాలలో గయోను ఏ సమత్వమును తూచి నిర్ణయించెనో, దానినే ఆ కొడవలి ఇచ్చట నిర్ణయించుచున్నది. పిదప చెట్టుపై బంక కారిన చోట బెరడును పచ్చిభాగము కనబడువరకు గీకి, నేలనుండి రెండుమూడడుగుల ఎత్తువరకు కుంచెతో పూయుదురు. కలిపిన నాడే వాడవలెను; మరునాటికి పస తగ్గును.

ఈ మందు మచ్చలేనిది కాదు. రాగి నేలలో చేరినచో కరగిపోదు. నూటికిపైగా యేండ్లనుండి ఏటేట చల్లబడిన ఫ్రెంచి తోటలలో అది పేరుకొనిపోయి వానపాములకును నేలలోని జీవరాశికిని కీడు చేయుచున్నది. అందుచే ఐరోపా కూటమి హెక్టారుకు ఏడేండ్లలో 28 కిలోల రాగికి మించరాదని కట్టడి చేసినది. తాడిపత్రి తోటలలో మానునకు మాత్రమే పూయుటచే నేలకు చేరు రాగి స్వల్పము; ఆకులపై పలుమార్లు పిచికారి చేయు తోటలలో ఆ లెక్క వేరు, అచ్చట మన్ను పరీక్షించు వేళ రాగి పాలునుగూడ చూపించుకొనుట రైతునకు మేలు.