రైతు కుటుంబాల వర్గీకరణ

సాగు మీద బతికే కుటుంబాలను వాటి భూమి, నీటి వసతి, పశువులు, ఇంట్లో పనిచేసే చేతులు, అప్పు పుట్టే తీరు, ఇతర ఆదాయాలను బట్టి తరగతులుగా విడదీయడాన్ని రైతు కుటుంబాల వర్గీకరణ అంటారు. ఏ విత్తనం, ఏ పనిముట్టు, ఏ రాయితీ ఎవరికి అక్కరకొస్తుందో ముందుగా తేల్చుకోవడానికి ఇది పనికొస్తుంది. బోరున్న రైతుకు లాభం తెచ్చిన వంగడమే, వాన మీద ఆధారపడిన పక్కచేను రైతును అప్పుల పాలు చేయవచ్చు.

భారతదేశంలో అధికారిక కొలబద్ద కమతం విస్తీర్ణం. 1970-71లో మొదలైన వ్యవసాయ గణన కమతాలను ఐదు తరగతులు చేస్తుంది. హెక్టారు లోపువి సన్నకారు, రెండు హెక్టార్ల లోపువి చిన్నకారు, పది హెక్టార్లు, ఆపైన ఉన్నవి పెద్ద కమతాలు. నడుమ మరో రెండు తరగతులున్నాయి. మొదటి గణనలో 2.28 హెక్టార్లున్న సగటు కమతం 2015-16 నాటికి 1.08కి కుంచించుకుపోయింది. అప్పటికి సన్న, చిన్నకారు కమతాలే సుమారు 86 శాతం. విస్తీర్ణంలో మాత్రం వాటి వాటా 47 శాతం. ప్రతి ఏడింటిలో ఆరు ఒకేచోట చేరాక ఆ విభజన పెద్దగా ఏమీ చెప్పదు. గోదావరి డెల్టాలో రెండు పంటలు పండే రెండెకరాల మాగాణి, అనంతపురంలో వేరుశనగ వేసే రెండెకరాల మెట్ట ఈ లెక్కలో సమానం. విధానాలకు ఇంతకంటే నష్టం చేసే పొరపాటు అరుదు.

దీనికి భిన్నమైన దారిని పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చూపింది. 1975లో ఆ సంస్థ మెట్టప్రాంత గ్రామాల్లో దీర్ఘకాలిక అధ్యయనం ఆరంభించింది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురుపల్లి, డోకూర్, మహారాష్ట్రలోని షోలాపూర్, అకోలా జిల్లాల పల్లెలు అందులో ఉన్నాయి. ఊరికి 40 కుటుంబాలు: పది కూలి కుటుంబాలు, చిన్న, మధ్య, పెద్ద రైతుల నుంచి పదేసి. ఎవరు చిన్న, ఎవరు పెద్ద అన్న హద్దును దేశమంతటికీ ఒకేలా గీయలేదు. ఆ ఊరి భూముల తీరును బట్టి ఊరూరికీ వేరుగా గీశారు. పరిశోధకులు ఊళ్లోనే ఉండి పంటల ఖర్చు, కూలి, అప్పుల వివరాలు ఏళ్ల తరబడి రాసుకున్నారు.

ఈ గ్రామాల్లోనే ఆర్థికవేత్త హాన్స్ బిన్స్‌వాంగర్ నిజమైన డబ్బుతో పందెపు ప్రయోగాలు చేసి, ఫలితాలను 1980లో ప్రచురించారు. పందెం పెద్దదయ్యేకొద్దీ దాదాపు అందరూ ఓ మోస్తరు జాగ్రత్తపరులే అయ్యారు. ఆస్తి వల్ల వచ్చిన తేడా స్వల్పం. అంటే పేదరైతు కొత్త పద్ధతికి వెనకాడడానికి కారణం పిరికితనం కాదు. అప్పు దొరకదు, నీరుండదు, పంట పోతే ఆదుకునే దిక్కుండదు. అలాంటప్పుడు వర్గీకరణ కొలవాల్సింది రైతు మనస్తత్వాన్ని కాదు, ఆ అడ్డంకులను.

ఇక్రిశాట్ సొంత అనుభవమూ ఇదే చెబుతుంది. నల్లరేగడి నేలల కోసం వెడల్పు మడులు, కాలువల సాగును అది రూపొందించి, దానికి తోడుగా చక్రాల బహుళ పనిముట్టును ప్రోత్సహించింది. పరిశోధన క్షేత్రంలో దిగుబడులు బాగా వచ్చాయి. కానీ ఆ పనిముట్టు కొనాలంటే చేతిలో డబ్బు, లాగాలంటే బలమైన ఎడ్ల జత కావాలి. అది రైతుల్లో విస్తృతంగా నిలవలేదు.

వేరే పద్ధతులూ ఉన్నాయి. ఆర్థికవేత్త ఉత్సా పట్నాయక్ 1976లో కూలి కొలబద్దను ప్రతిపాదించారు: ఇంటివాళ్లు పరుల చేలో ఎంత పనిచేస్తారు, పరుల శ్రమను ఎంత వాడుకుంటారు అన్నది దాని ఆధారం. ఊరివాళ్లతోనే కలిగినవారు, లేనివారు అని వరస పెట్టించడం మరో పద్ధతి. సర్వే అంకెల్లోని పోలికలను గణాంక పద్ధతులతో జల్లెడ పట్టి గుంపులు తీయడం ఇప్పుడు ఎక్కువగా కనిపిస్తోంది.

ఏ పద్ధతైనా కౌలు రైతు దగ్గర తడబడుతుంది. జాతీయ నమూనా సర్వే 2003లో సొంతమో కౌలో కొంత భూమి చేతిలో ఉన్నవారినే రైతులుగా లెక్కించింది. 2012-13లో ఆ షరతు తీసేసి, వ్యవసాయం, అనుబంధ పనుల నుంచి వచ్చే ఉత్పత్తి విలువ ఏడాదికి 3,000 రూపాయలు దాటాలని నియమం పెట్టింది. 2019లో దాన్ని 4,000 చేసింది. సంక్షేమ పథకాలు ఆ బాటన పూర్తిగా నడవలేదు. 2018లో తెలంగాణ తెచ్చిన రైతుబంధు పట్టాదారులకే ఎకరాల లెక్కన సాయం అందించింది, కౌలుదారులకు కాదు. ఆంధ్రప్రదేశ్ 2011 చట్టంతో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చింది. దాని స్థానంలో వచ్చిన 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమానితో 11 నెలల ఒప్పందం రాసుకోవాలి. నోటిమాట మీద కౌలు చేసేవారికి యజమాని సంతకం దొరకడం కష్టం.