నిద్రలేమియు, గంజాయి మొక్క చరిత్రయు



టేకులపల్లి అడవులు దాటి గోదావరి ఆవలి ఒడ్డు చేరిన భద్రాచలము. 1948 వరకు ఈవల నైజాము రాజ్యము. ఆవల 1874 నుండి మద్రాసు పాలన. అడవి యొక్కటే యైనను ఆబ్కారీ చట్టములు రెండు. ఆ చట్టములు కనిపెట్టియుండిన మొక్కలలో గంజాయి యొకటి.

మన వైద్య నిఘంటువులు దీనిని విజయ యనియు, భంగ యనియు పేర్కొన్నవి. నొప్పికిని, నిద్రకును దీనిని వాడుట ఈ దేశమున ప్రాచీనము. 1839లో కలకత్తాలో ఓషానెస్సీ యను వైద్యుడు ధనుర్వాతము మున్నగు వ్యాధులలో దీనిని పరీక్షించి ప్రకటింపగా, ఈ మందు ఐరోపాకు ప్రాకెను.

1893లో ప్రభుత్వము ఏడుగురు సభ్యులతో విచారణ సంఘము నేర్పరచెను. మద్రాసు రాజధానిలో గంజాయి సాగుకు పేరువడిన సంతరావూరు మన తెలుగు గ్రామమే. సంఘమువారు 1,193 మంది సాక్షులను విచారించి, మితముగా వాడినచో పెద్ద కీడు లేదనియు, మితిమీరినచో దేహమును మనస్సును చెరచుననియు 1894లో నివేదించిరి. కాని ఆ మొక్కలో ఏ పదార్థము ఏ పని చేయునో వారి కాలమున ఎవ్వరికిని తెలియదు.

ఆ చిక్కు విడుటకు అర్ధశతాబ్దము పైగా పట్టెను. 1940లో అమెరికాలో రోజర్ ఆడమ్స్ ఈ మొక్కనుండి సీబీడీ యను పదార్థమును వేరుచేసెను. 1963లో ఇజ్రాయెలు పండితుడు మెషూలం దాని నిర్మాణమును తేల్చెను. మరుసటి యేట, మత్తు కలిగించునది టీహెచ్‌సీ యను వేరొక పదార్థమని అతడును సహచరుడును నిరూపించిరి. సీబీడీకి ఆ మత్తు లేదు.

వరదను, ప్రమాదమును, దౌర్జన్యమును చూచినవారికి ఆ భయము రాత్రులందు తిరిగి వచ్చి నిద్ర చెరచును. అట్టివారికి సీబీడీ మేలు చేయునా? 2019లో అమెరికాలో 72 మంది రోగుల వివరములు ప్రకటింపబడెను. మొదటి నెలలో 57 మందికి ఆందోళన తగ్గెను. 48 మందికి నిద్ర మెరుగయ్యెను. అయితే నిద్రలోని మేలు నిలకడగా నిలువలేదు. మందు తీసికొననివారితో పోల్చిచూచిన పరీక్షయు కాదు. కావున ఇది ఆశయే గాని తీర్పు కాదు.

1985 నాటి చట్టము గంజాయిని నిషేధించినది. చిలుములోని పొగ సీబీడీ మందు కాదు. అందలి మత్తు భయమును, అనుమానమును హెచ్చించుటయు గలదు. మొక్క యొకటే, పదార్థములు రెండు. నిద్రపట్టని బిడ్డకు ఊరివారెవరైన చిలుము చూపినయెడల, పెద్దలు ఈ భేదమును చెప్పి వైద్యునియొద్దకు తోడ్కొనిపోవలెను.