సాంబ మసూరి: బాపట్లలో పుట్టిన వరి వంగడం

సాంబ మసూరి బాపట్ల వరి పరిశోధన కేంద్రంలో రూపొంది 1986లో విడుదలైన సన్నగింజ వరి రకం. దీని సంఖ్య బీపీటీ 5204. రైతు నోట మాత్రం ఎప్పుడూ 'బీపీటీ'యే. కర్నూలు వైపు పండితే ఇదే బియ్యం 'కర్నూలు సోనా' పేరుతో అమ్ముడవుతుంది. సోనా మసూరి వేరే రకం. అది బీపీటీ 3291, బాపట్లదే. బజారులో ఈ రెండు పేర్లూ కలిసిపోయాయి గానీ వాటి వంశవృక్షాలు వేరు.

హైస్కూలు జీవశాస్త్రంలో అనువంశికత పాఠం మెండెల్ బఠానీ మొక్కలతో మొదలవుతుంది. పేరాల, బాపట్ల, రేపల్లె, తెనాలి పిల్లలకు బఠానీ చేను కనబడే అవకాశం తక్కువ. వరిచేను మాత్రం కాలువగట్టు ఎక్కితే చాలు, కనిపిస్తుంది. ఆ పాఠంలోని దాదాపు ప్రతి సూత్రానికీ సాంబ మసూరి చరిత్రలోనే ఉదాహరణ దొరుకుతుంది. జన్యుశాస్త్రం గత నూరేళ్లలో వేసిన పెద్ద అడుగుల్లో కొన్ని ఈ ఒక్క రకం మీద పడ్డాయి.

బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 జులైలో మొదలైంది. అంతకుముందు ఉమ్మడి మద్రాసు రాష్ట్రంలో వ్యవసాయ డిగ్రీ చదవాలంటే కోయంబత్తూరు వెళ్లాల్సిందే. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం (నేటి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం) ఆధ్వర్యంలో ఇక్కడ వరి ప్రజననం సాగింది. సాంబ మసూరిని రూపొందించిన శాస్త్రవేత్త డాక్టర్ ఎం.వి. రెడ్డి.

ఈ రకానికి ముగ్గురు పూర్వీకులున్నారు. మొదటిది జీఈబీ 24. కోయంబత్తూరులో ఎంపికై 1921లో విడుదలైన ఈ రకం అన్నం నాణ్యతకు పేరుపడింది. రెండోది తైవాన్‌లో 1956లో వచ్చిన తైచుంగ్ నేటివ్ 1. మొక్క పొట్టి, ఎరువు ఎక్కువ వేసినా పడిపోకుండా నిలబడుతుంది, అయితే బియ్యం ముతక. మూడోది మలేషియా నుంచి వచ్చిన మసూరి. గింజ సన్నం, మొక్క మాత్రం పొడవు. ముందు జీఈబీ 24నూ తైచుంగ్‌నూ సంకరం చేసి, ఆ సంతతిని మసూరితో కలిపారు. తైచుంగ్ పొట్టిదనమూ, మిగతా రెండింటి అన్నమూ ఒకే మొక్కలోకి తేవడమే ఉద్దేశం.

సంకరం చేయడం చెప్పినంత తేలిక కాదు. వరి స్వపరాగ సంపర్కం జరుపుకునే మొక్క. ఒక్కో పువ్వులో ఆరు కేసరాలూ, ఈకల్లాంటి రెండు కీలాగ్రాలూ ఉంటాయి. పువ్వు ఉదయం పూట కాసేపే విచ్చుకుంటుంది, ఆ కాసేపట్లోనే సొంత పుప్పొడి సొంత కీలాగ్రం మీద రాలిపోతుంది. కాబట్టి తల్లిగా ఎంచుకున్న కంకిలోని పువ్వులను ముందురోజు సాయంత్రమే పట్టుకోవాలి. తర్వాత ఊకగా మారబోయే పొరల కొసను కత్తెరతో కోసి, పట్టకారుతో ఆరు కేసరాలనూ తీసేసి, కంకికి కాగితం సంచి తొడుగుతారు. మర్నాడు పొద్దున తండ్రి మొక్క కంకిని తెచ్చి దాని మీద దులుపుతారు. వరి పరాగ రేణువు బతికేది కొద్ది నిమిషాలే. ఇంత శ్రమపడినా ఒక్కో కంకికి దక్కే సంకర గింజలు కొన్నే.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది. వరి కణంలో 12 జతల క్రోమోజోములు ఉంటాయి. ప్రతి జతలో ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. తైచుంగ్‌లోని పొట్టి జన్యువు అంతర్గత లక్షణానిది. జిబ్బరెల్లిన్ అనే పెరుగుదల హార్మోన్ తయారీకి అవసరమైన ఎంజైమును ఇవ్వాల్సిన జన్యువే ఇందులో చెడిపోయి ఉంది, అందుకే కాండం సాగదు. పొడవు మొక్కతో కలిపితే మొదటి తరం పొడవుగానే వస్తుంది. రెండో తరంలో పొట్టి మొక్కలు సగటున నాలుగింట ఒకటి బయటపడతాయి. మెండెల్ 1866లో అచ్చువేసిన నిష్పత్తే అది. అక్కడి నుంచి మంచి మొక్కలను ఏరి, ఒక్కోదాని గింజలు ఒక్కో వరుసలో నాటుతూ పోతారు. స్వపరాగ సంపర్కంలో ప్రతి తరానికీ మిశ్రమ జన్యు జతలు సగానికి సగం తగ్గుతాయి. మొదటి తరంలో తేడాగా ఉన్న జతల్లో ఆరో తరానికి మూడు శాతమే అలా మిగులుతాయి. ఆ దశకు వచ్చాకే రకం నిలకడగా పండుతుంది. ఇన్ని తరాలు పొలంలో నిలబడి కంటితో చూసి ఏరిన ఆ ఓపికకు పాఠ్యపుస్తకాలు ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదు.

విడుదలయ్యాక ఈ రకం ఆంధ్ర, తెలంగాణ మాగాణులకే కాక పొరుగు రాష్ట్రాలకూ పాకింది. అన్నం పొడిపొడిగా, మెత్తగా ఉండటమే కారణం. దిగుబడిలో దీన్ని మించినవి ఉన్నా తినేవారు దీన్ని వదల్లేదు. లోపాలు మాత్రం మొదటి నుంచీ ఉన్నాయి. పంటకాలం 145–150 రోజులు. అగ్గి తెగులుకూ, దోమపోటుకూ, బాక్టీరియా ఎండాకు తెగులుకూ తట్టుకోలేదు. కోతల వేళ గాలివాన వస్తే చేను పడిపోతుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు డెల్టా వరి రైతులు ఆ దెబ్బ తిన్నారు.

ఎండాకు తెగులును ఎదుర్కొనే ప్రయత్నంలో రెండో అధ్యాయం మొదలైంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి మూడు నిరోధక జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చాయి. అవి ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5. మొదటిది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది. బాపట్ల గుణాలు పోకుండా ఉండాలని సంతతిని పదే పదే సాంబ మసూరితోనే వెనక్కి సంకరం చేశారు. ఇక్కడ ఒక చిక్కుంది. 13, 5 రెండూ అంతర్గత జన్యువులు. ఒక్క ప్రతి ఉన్న మొక్క తెగులుకు లొంగిపోతుంది కాబట్టి, ఆ జన్యువు దానిలో దాగి ఉందో లేదో పొలంలో చూసి చెప్పలేం. అందుకని లేత ఆకు ముక్క నుంచి డీఎన్ఏ తీసి, జన్యువు పక్కనే ఉండే గుర్తులను ప్రయోగశాలలో పరీక్షించారు. కంటితో ఏరే పని డీఎన్ఏ పరీక్ష చేతికి వచ్చింది. అలా తయారైన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది. దీని గ్లైసీమిక్ సూచిక తక్కువగా, 51 దగ్గర ఉండటంతో, చక్కెర వ్యాధి ఉన్నవారి దృష్టి కూడా దీని మీద పడింది.

ఈలోగా వరి డీఎన్ఏ వరుసక్రమం మొత్తం 2005లో తేలింది. 11వ క్రోమోజోమును చదివిన బృందాల్లో భారత శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఏ జన్యువు ఎక్కడుందో తెలిశాక దాన్నే నేరుగా దిద్దే పద్ధతి వచ్చింది. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ప్రకటించిన 'కమల' (డీఆర్ఆర్ ధాన్ 100) సాంబ మసూరిలో జన్యువు దిద్ది తయారుచేసిన రకం. కంకిలో గింజల సంఖ్యను పెంచే సైటోకైనిన్ హార్మోన్‌ను విరగ్గొట్టే ఎంజైము ఒకటుంది. ఆ ఎంజైము జన్యువును ఇందులో పనిచేయకుండా చేశారు. పొట్టి జన్యువు కథకూ దీనికీ పోలిక ఉంది. రెండుచోట్లా మేలు జరిగింది ఒక జన్యువు పని తగ్గడం వల్లే. ఒకటి ప్రకృతిలో దానంతట అది జరిగిన మార్పు, రెండోది ప్రయోగశాలలో చేసింది. దిగుబడి 19 శాతం ఎక్కువనీ, పంట 20 రోజులు ముందే చేతికొస్తుందనీ భారత వ్యవసాయ పరిశోధన మండలి చెప్పింది.

బాపట్ల ప్రాంతానికి దిగుబడి కంటే ఆ 20 రోజులే ముఖ్యం. కృష్ణా పశ్చిమ డెల్టాలో కోత దగ్గరపడుతుండగానే వరిచేలో మినుము చల్లుతారు. పనలు తీశాక నేలలో మిగిలిన తేమతోనే ఆ పైరు ఎదుగుతుంది. వరి ముందే కోతకొస్తే, రేపల్లె వైపు కాలువ చివరి పొలాలకు ఆఖరి తడుల బెంగ తగ్గుతుంది, మినుముకు తేమ ఎక్కువ మిగులుతుంది, డిసెంబరు మొదట్లో వచ్చే తుపాను నాటికి ధాన్యం కుప్పల్లోకి చేరిపోతుంది.