పతకాల పట్టికలో కనిపించని బాక్సర్లు

స్వర్ణోత్సవాల సందర్భంగా బడి హాల్లో ఒక గౌరవ ఫలకం పెట్టాలనీ, పూర్వ విద్యార్థుల్లో కొందరి పేర్లు దాని మీద చెక్కించాలనీ మన సంఘం తీర్మానించింది. తీర్మానం ఒక్క సాయంత్రంలో అయిపోయింది. ఎవరి పేర్లు అన్న దగ్గర మాత్రం మూడు సమావేశాలు గడిచినా తేలలేదు. సావనీరుకు ఏదైనా రాయమని కార్యదర్శి అడిగినప్పుడు, నాకు కొంచెం తెలిసిన రంగంలో ఇదే చిక్కు ఎలా ఉంటుందో రాస్తే మన చర్చకు పనికొస్తుందనుకున్నాను. రైల్వేలో ఉద్యోగం చేస్తూ చాలా ఏళ్ళు బాక్సింగ్ పోటీల్లో రింగు పక్కన జడ్జీగా కూర్చున్నవాణ్ణి. దేశం మొత్తానికీ అమెచ్యూర్ బాక్సర్ల కీర్తి మందిరం ఒకటి కడితే అందులో ఎవరుండాలన్నది, పోటీలు ముగిశాక టీ తాగుతూ మేం తరచు వేసుకున్న ప్రశ్న.

ప్రొఫెషనల్ బాక్సర్ల విషయంలో ఈ పని కొంత సులువు. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని కెనస్టోటా అనే చిన్న ఊళ్ళో అంతర్జాతీయ బాక్సింగ్ కీర్తి మందిరం ఉంది. 1990 నుంచి అక్కడ ఏటా పేర్లు చేరుస్తున్నారు. ప్రొఫెషనల్‌కు పదేళ్ళో పదిహేనేళ్ళో నడిచిన రికార్డు ఉంటుంది. ఎన్ని పోటీలు, ఎన్ని నాకౌట్లు, ఎన్నిసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు అన్నీ కాగితం మీద ఉంటాయి. అమెచ్యూర్ సంగతి అలా కాదు. మూడు రౌండ్లు, తొమ్మిది పది నిమిషాలు. వారం పది రోజుల్లో నాలుగైదు పోటీలు. ఆ తర్వాత మళ్ళీ పటాలానికో, రైల్వే ఆఫీసుకో, పోలీసు స్టేషనుకో వెళ్ళి డ్యూటీలో చేరడమే. క్యూబా వీరుడు తియోఫిలో స్టీవెన్‌సన్ 1972, 1976, 1980 ఒలింపిక్స్‌లో వరుసగా హెవీవెయిట్ స్వర్ణాలు గెలిచాడు. డాలర్లు ఎన్ని చూపినా ప్రొఫెషనల్‌గా మారలేదు. 1984 ఒలింపిక్స్‌ను క్యూబా బహిష్కరించడంతో నాలుగో స్వర్ణానికి పోటీ పడే వీలే లేకపోయింది. అతని తర్వాత మూడు స్వర్ణాలు గెలిచిన ఫెలిక్స్ సవాన్‌కు 1988లో సియోల్ విషయంలో జరిగిందీ అదే. పతకాల సంఖ్య చూసి మనిషిని తూచడం ఎంత కష్టమో ఈ ఇద్దరి దగ్గరే తెలిసిపోతుంది.

మన దేశంలో ఆ మందిరం పని ఇన్నాళ్ళూ ప్రభుత్వ పురస్కారాలు చేస్తూ వచ్చాయి. స్వతంత్ర భారత బాక్సర్లు మొదటిసారి ఒలింపిక్స్‌కు వెళ్ళింది 1948లో, లండన్‌కు. అక్కడ బాబూలాల్ పాకిస్తాన్ బాక్సర్ అలన్ మాంటీరోను ఓడించాడు. దేశం రెండు ముక్కలై అప్పటికి ఏడాది. ఆ పోటీని రింగు పక్కన కూర్చుని చూసినవాళ్ళకు ఏమనిపించిందో ఎవరైనా రాసిపెట్టి ఉంటే ఎంత బాగుండేది! 1961లో అర్జున అవార్డులు మొదలయ్యాయి. బాక్సింగ్‌లో తొలి అవార్డు బడ్డీ డిసౌజాకు దక్కింది. మరుసటి ఏడాది జకార్తా ఆసియా క్రీడల్లో లైట్‌వెయిట్ స్వర్ణం గెలిచిన పదమ్ బహదూర్ మల్‌కు ఇచ్చారు. ఆసియా క్రీడల బాక్సింగ్‌లో మనకు అదే మొదటి స్వర్ణం. 1985లో కోచ్‌ల కోసం ద్రోణాచార్య అవార్డు పెట్టినప్పుడు తొలి జాబితాలోనే బాక్సింగ్ కోచ్ ఓం ప్రకాశ్ భరద్వాజ్ పేరుంది. జీవితకాల కృషికి 2002లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. ఈ జాబితాలన్నీ కలిపి కూర్చుంటే మందిరం పునాది సిద్ధంగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

అయితే అర్జున లెక్క ప్రధానంగా పతకాల లెక్క. గత కొన్నేళ్ళలో ఒలింపిక్స్, ప్రపంచ పోటీలు, ఆసియా క్రీడలు, కామన్వెల్త్ క్రీడల్లో ఏం తెచ్చావు అన్నదానికే ఎక్కువ మార్కులు. పరుగు పందెంలోనో, బరువులెత్తడంలోనో అది న్యాయమే. గడియారం, తూకం అబద్ధం చెప్పవు. బాక్సింగ్‌లో పిడికిలికీ పతకానికీ మధ్య మనుషులు కూర్చుని ఉంటారు. నేనూ అలా కూర్చున్నవాణ్ణే కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

సియోల్‌లో 1988 ఫైనల్లో రాయ్ జోన్స్ కొట్టిన దెబ్బలు 86, కొరియా బాక్సర్ పార్క్ సి హున్ కొట్టినవి 32 అని టీవీ వాళ్ళు లెక్క తేల్చారు. జడ్జీలు మాత్రం 3-2తో పార్క్‌ను గెలిపించారు. ఆ క్రీడల్లో అత్యుత్తమ బాక్సర్‌కు ఇచ్చే వాల్ బార్కర్ ట్రోఫీ మళ్ళీ ఓడిన జోన్స్‌కే ఇచ్చారు! ఆ గొడవ తర్వాతే కంప్యూటర్ లెక్కింపు వచ్చింది. ఐదుగురు జడ్జీల ముందు బటన్లు ఉండేవి. దెబ్బ తగిలిన సెకనులోపు కనీసం ముగ్గురు నొక్కితేనే పాయింటు. వినడానికి బాగుంటుంది. కానీ ఇద్దరు బాక్సర్లు దగ్గరగా చేరి పొట్ట మీద గుద్దుకుంటుంటే, ఒక మూల కూర్చున్న జడ్జీకి కనిపించేది రెండో మూల జడ్జీకి ఒక వీపు మాత్రమే. దూరం నుంచి నిటారుగా ముఖం మీద పడే దెబ్బకే బటన్లు పడేవి. శరీరం మీద కొట్టేవాడు ఎంత కష్టపడ్డా లెక్కలోకి వచ్చేది తక్కువ.

ఆ పద్ధతి మనకు చేసిన గాయం సిడ్నీలో, 2000లో. 81 కిలోల విభాగంలో గుర్‌చరణ్ సింగ్ క్వార్టర్‌ఫైనల్‌కు చేరాడు. బాక్సింగ్‌లో సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ కాంస్యాలిస్తారు. అంటే ఆ ఒక్క పోటీ గెలిస్తే పతకం ఖాయం. అప్పటిదాకా భారత బాక్సింగ్‌కు ఒలింపిక్ పతకం లేదు. ఉక్రెయిన్ బాక్సర్ ఆంద్రీ ఫెద్‌చుక్ మీద చివరి క్షణాల దాకా గుర్‌చరణ్‌దే ఆధిక్యం. గంట మోగే ముందు స్కోరు 12-12 అయింది. సమానమైతే ఐదుగురు జడ్జీలూ నొక్కిన మొత్తం బటన్లు అప్పట్లో లెక్కపెట్టేవారు. ఆ లెక్కలో గుర్‌చరణ్ ఓడిపోయాడు. ఎనిమిదేళ్ళ తర్వాత బీజింగ్‌లో విజేందర్ సింగ్ కాంస్యం గెలిచినప్పుడు దేశం పండగ చేసుకుంది, చేసుకోవాల్సిందే. కానీ ఆ రాత్రి నాకు గుర్‌చరణే గుర్తొచ్చాడు.

ఇక బరువుల సంగతి. మన విశాఖపట్నం అమ్మాయి ఎన్. ఉష 2006లోనూ 2008లోనూ ప్రపంచ మహిళా పోటీల్లో రజత పతకాలు తెచ్చింది. ఆసియా విజేత కూడా. ఆమె విభాగం 57 కిలోలు. మహిళల బాక్సింగ్‌ను ఒలింపిక్స్‌లో మొదటిసారి చేర్చింది 2012లో, లండన్‌లో. అప్పుడు పెట్టినవి మూడే విభాగాలు: 51, 60, 75 కిలోలు. అందులో 57 లేదు. ప్రపంచంలో రెండో స్థానంలో నిలిచినవాళ్ళకైనా ఆ బరువులో ఒలింపిక్ తలుపు లేదన్నమాట. మేరీకోమ్ సైతం తన సహజమైన బరువు వదిలి 51 కిలోలకు మారి, తనకంటే పొడుగైన వాళ్ళతో తలపడి కాంస్యం తెచ్చింది. ఉషకు 2020లో ధ్యాన్‌చంద్ అవార్డు వచ్చింది. మన తెలుగు పత్రికల్లో ఆ వార్తకు దక్కిన చోటు చాలదని నా అభిప్రాయం.

జట్టులో చోటు దొరకడం మరో గండం. మణిపూర్ వీరుడు డింకో సింగ్ పేరు 1998 బ్యాంకాక్ ఆసియా క్రీడల జట్టులో మొదట లేదు. తర్వాత చేర్చారు. వెళ్ళి 54 కిలోల స్వర్ణం గెలుచుకొచ్చాడు. ఆ చేర్చడం జరగకపోతే డింకో ఎవరో మనలో ఎంతమందికి తెలిసేది? నిజామాబాద్ నిఖత్ జరీన్ 2019లో, ఒలింపిక్ అర్హత పోటీలకు వెళ్ళే ముందు మేరీకోమ్‌తో తనకు ట్రయల్ పెట్టమని బహిరంగంగా అడిగింది. చాలామంది ఆమెను తప్పుపట్టారు. ట్రయల్ జరిగింది, మేరీకోమ్ 9-1తో గెలిచింది. నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ విజేత అయింది. ఆ రోజు అడగడం కూడా ఆమె రికార్డులో భాగమేనని నేనంటాను. అదే నిజామాబాద్ నుంచి వచ్చిన హుసాముద్దీన్ 2023 ప్రపంచ పోటీల్లో మోకాలి గాయంతో సెమీస్ ఆడలేక కాంస్యంతో ఆగిపోయాడు. పట్టికలో కాంస్యం అనే ఉంటుంది, మోకాలు ఉండదు.

నడవడిక సంగతి వచ్చినప్పుడు మా టీ చర్చల్లో గొంతులు పెరిగేవి. 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన సైనికుడు లఖాసింగ్, సైనిక బాక్సింగ్ పోటీలకు అమెరికా వెళ్ళి తిరిగి రాలేదు. కొన్నేళ్ళ తర్వాత స్వదేశం చేరి లూధియానాలో టాక్సీ నడుపుకున్నారు. ఉషతో పాటు ఆయనకూ 2020లోనే ధ్యాన్‌చంద్ ఇచ్చారు. మంచి పని చేశారు. 2014 ఇంచియాన్‌లో సరితాదేవి సెమీస్ తీర్పుకు నిరసనగా కాంస్యాన్ని మెడలో వేయించుకోలేదు. ఏడాది నిషేధం పడింది. జడ్జీగా నాకు ఆ నిరసన నచ్చకూడదు. కానీ ఆ పోటీని టీవీలో చూశాను. ఆమె పేరు జాబితాలోంచి కొట్టేయమంటే నా చేయి ఆడదు.

ఇంతకీ నా మొదటి పేరు హవాసింగ్. భివానీ దగ్గరి ఉమర్‌వాస్ గ్రామం నుంచి సైన్యంలో చేరినవారు. 1961 నుంచి వరుసగా 11 సార్లు జాతీయ హెవీవెయిట్ విజేత. 1966లోనూ 1970లోనూ బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణాలు. ఒక్క ఒలింపిక్స్ కూడా ఆడలేదు. ఒలింపిక్ పతకాన్ని గీటురాయిగా పెట్టుకున్న మందిరంలో ఆయనకు గుమ్మం దాటే వీలుండదు. పదవీ విరమణ తర్వాత భివానీలో కూర్చుని పిల్లలకు గ్లౌజులు తొడిగించారు. బీజింగ్‌కు వెళ్ళిన ఐదుగురు భారత బాక్సర్లలో నలుగురు భివానీ వాళ్ళే: విజేందర్, అఖిల్ కుమార్, జితేందర్, దినేశ్. అది చూడటానికి ఆయన లేరు. ద్రోణాచార్య అవార్డు ప్రకటించాక, దాన్ని అందుకోవలసిన రోజుకు కొద్ది రోజుల ముందే, 2000 ఆగస్టులో కన్నుమూశారు.

కౌర్ సింగ్ కథ దీనికి దగ్గరిదే. పంజాబ్ రైతు కుటుంబం. సైన్యంలో చేరాకే బాక్సింగ్ నేర్చారు. 1980 జనవరిలో మహమ్మద్ అలీ ఢిల్లీకి వచ్చినప్పుడు ఆయనతో నాలుగు రౌండ్ల ప్రదర్శన పోటీ ఆడింది ఈయనే. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో హెవీవెయిట్ స్వర్ణం గెలిచారు. అర్జున, పద్మశ్రీ రెండూ వచ్చాయి. ముసలితనంలో గుండె జబ్బు వైద్యానికి అప్పు చేయవలసి వచ్చింది. పత్రికల్లో వచ్చాక గానీ సాయం అందలేదు. ఆయన జీవితాన్ని పంజాబ్ బడి పుస్తకాల్లో చేర్చింది 2023లో, ఆయన కన్నుమూసిన సంవత్సరంలోనే. కాబట్టి మందిరం కడితే నేను పెట్టే మొదటి నిబంధన వయసుకు సంబంధించినది. డెబ్బై దాటినవాళ్ళ పేర్లు ముందు చూడాలి, కుర్రవాళ్ళు ఆగగలరు.

రెండో నిబంధన రికార్డులది. పతకం ఒక్కటే కాదు, ఎవరితో ఆడాడు, ఎన్ని పాయింట్ల తేడా, ఏ రౌండులో, ఇవన్నీ ఒకచోట చేర్చాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. జిల్లా పోటీల స్కోరు కాగితాలు ఒక గదిలో బీరువా మీద కట్టలుగా పడి ఉండటం, మరో ఏడాది వెళ్ళేసరికి ఆ బీరువానే లేకపోవడం నేను కళ్ళారా చూశాను. మూడోది, ప్రొఫెషనల్‌గా మారినవాళ్ళ గురించి. 2016 నుంచి ఒలింపిక్స్‌లో ప్రొఫెషనల్స్‌ను కూడా రానిస్తున్నారు, అమెచ్యూర్ అన్న మాటే పలచబడిపోయింది. విజేందర్ 2015లో అటు వెళ్ళాడు. అంతకు ముందు ఆడినదే లెక్కలోకి తీసుకుంటే సరిపోతుంది.

మొదటి విడతకు ఐదుగురిని ఎంచమంటే హవాసింగ్, పదమ్ బహదూర్ మల్, కౌర్ సింగ్, మేరీకోమ్ అని నాలుగు పేర్లు వెంటనే చెబుతాను. ఐదోది గుర్‌చరణ్ అంటాను. నాతో పాతికేళ్ళు జడ్జీగా కూర్చున్న మిత్రుడు ఒప్పుకోడు. ఓడినవాణ్ణి మందిరంలో ఎలా పెడతావు, ఆ చోటు ఉషకివ్వు, అంటాడు. ఉష రెండో విడతలో తప్పకుండా ఉంటుందంటాను. రెండో విడత దాకా మనం ఉంటామా అని వాడి ప్రశ్న. కిందటి నెల వాళ్ళింటికి వెళ్ళినప్పుడు కూడా ఇదే వాదన. వాళ్ళావిడ టీ రెండుసార్లు వేడిచేసి ఇచ్చింది.