చెల్సియా గోడల బయటి సిపాయిలు

వృద్ధ సైనికుల సంరక్షణ అనగానే చరిత్ర మనకు పెద్ద భవనాలను చూపిస్తుంది. పద్నాలుగో లూయీ 1670లో పారిస్‌లో వృద్ధ సైనికులకు ఇన్వాలీడ్ అనే భవనం కట్టమని ఆజ్ఞాపించాడు. రెండో చార్లెస్ 1682లో లండన్‌లో చెల్సియా ఆసుపత్రిని స్థాపించాడు. కానీ చెల్సియాలో చోటు వందల మందికే, అర్హులు వేలమంది. మిగిలినవాళ్లకు ఇంటిదగ్గరే పింఛను ఇవ్వక తప్పలేదు. అసలు చరిత్ర ఆ ఇళ్లలోనే ఉందని నా వాదన. ఆ పింఛను మొదట్లో గడువు తీరాక చేతికందేది. ఈలోగా బతకడానికి కుంటివాడూ ముసలివాడూ వడ్డీవ్యాపారి గుమ్మం ఎక్కేవారు. రేపటి పింఛనే తాకట్టు. 1754లో బ్రిటిష్ రాజకీయవేత్త విలియం పిట్ తెచ్చిన చట్టం పింఛనును అర్ధసంవత్సరానికోసారి ముందుగానే చెల్లించమంది. మొత్తం పెంచకుండా, సమయం మార్చి చేసిన మేలు అది!

డబ్బు మంచం పక్కన కూర్చోదు కదా, నా అన్నవాళ్లు లేనివారికి భవనమే దిక్కు కదా అనవచ్చు. నిజమే, అలాంటివారికి చెల్సియా కావాలి. అయితే ఇంట్లో సేవచేసే మనిషి నిలబడాలన్నా ఆసరా ముందే అందాలి. మన దేశంలోనూ ఆసరా ఆలస్యంగానే అందింది: మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్ఎస్ 2003 ఏప్రిల్‌లో గాని మొదలుకాలేదు. మన జవాన్లలో చాలామంది నలభై ఏళ్ల ప్రాయంలోనే రిటైరవుతారు, కాబట్టి వృద్ధాప్యానికి సిద్ధపడటానికి వ్యవధి ఉంది. పింఛను పత్రాల్లో భార్య పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఆరోగ్యంగా ఉన్నప్పుడే చూసుకోండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి.