నాటక బహుమానములు – వ్రాయని పద్దులు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు నాటకకళను గూర్చి యొక వ్యాసము వ్రాసి యిమ్మని కార్యవర్గము వారు నన్ను కోరిరి. నేను నటుడను గాను, కవిని గాను. లెక్కలు వ్రాయుట నా వృత్తి. ఈ గ్రంథాలయపు బీరువాలలోని పురాణములను, ప్రబంధములను రాత్రివేళల చదువుకొనుట నా వ్యసనము. కావున నటుల ప్రతిభను విమర్శించు సాహసమునకు పూనుకొనక, నా వృత్తికి దగ్గరగా నున్న విషయమునే యెన్నుకొంటిని. నాటకమాడిన వారిని సంఘము ఏయే కాలములందు ఏ విధముగా బహూకరించినది, ఆ బహుమానములను లెక్కించిన వారెవరు, లెక్కకు రాక జారిపోయిన వారెవరు అనునదియే యీ వ్యాసమునకు విషయము.

భరతముని నాట్యశాస్త్రమున ఇరువదియేడవ అధ్యాయము సిద్ధులను గూర్చినది. ప్రయోగము సఫలమైనదని యెట్లు తెలిసికొనవలెనను ప్రశ్నకు ముని చెప్పిన సమాధానము మిక్కిలి ముచ్చటైనది. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వుట, బిగ్గరగా నవ్వుట, ‘సాధు’ అని మెచ్చుట, ‘అహో’ అని యబ్బురపడుట, ‘కష్టము’ అని శోకించుట, మేను పులకరించుట, కూర్చున్నచోటి నుండి లేచుట, వస్త్రములను ఉంగరములను నటులకు ఇచ్చివేయుట – ఇవి మానుష సిద్ధులు. సభ నిండియుండి, చప్పుడు గాని కలవరము గాని లేక సాగిపోవుట దైవ సిద్ధి. వీనికి ప్రతిగా ఘాతములను కూడ ముని లెక్కించెను. గాలి, వాన, అగ్ని, పాములు, చీమలు కలిగించు విఘ్నములు కొన్ని. నటుడు తన మాట మరచుట వంటివి కొన్ని. గిట్టనివారు కేకలు వేయుట, పేడ విసరుట వంటివి మరికొన్ని. మన జాతరలలో రాత్రి నాటకము చూచిన వారికి వీనిలో తెలియనిది యొకటియు నుండదు.

నిర్ణయము చెప్పువారికి ప్రాశ్నికులని పేరు. యజ్ఞవిధి నెరిగినవాడు, నర్తకుడు, ఛందస్సు తెలిసినవాడు, వ్యాకరణము తెలిసినవాడు, రాజు, విలుకాడు, చిత్రకారుడు, వేశ్య, గాయకుడు, రాజసేవకుడు – వీరందరును ప్రాశ్నికులే. ఎవరికి తెలిసిన సంగతిని వారే తీర్చవలెను. రాజు పాత్రను రాజును, విల్లుపట్టిన తీరును విలుకాడును పరీక్షింపవలెను. వారు రంగమునకు పండ్రెండు మూరల దూరమున కూర్చుండవలెను. వారికి తోడుగా లేఖకులును గణకులును ఉండి, సిద్ధులెన్ని ఘాతములెన్ని యని వ్రాయవలెను. ఘాతములు తక్కువయై సిద్ధులు ఎక్కువయైన వానికి పతాక బహుమానము. గణకుడను ఆ మాటను తొలిసారి చదివిననాడు, నాబోటి లెక్కలవానికి కూడ నాట్యశాస్త్రమున ఒక పీట కలదు గదా యని నేను పొంగిపోయితిని. ఆ పీటతోపాటు ఒక బాధ్యత కూడ కలదని తెలియుటకు నాకు చాలకాలము పట్టినది.

పురాతన గ్రీకు దేశమునను ఇట్టి పోటీలుండెను. ఏథెన్సు నగరమున డయొనైసస్ దేవుని యుత్సవములందు కవులు నాటకములతో పోటీపడెడివారు. నిర్ణేతలను చీట్లు తీసి యెన్నుకొనెడివారు. క్రీ.పూ. 468లో యువకుడైన సోఫోక్లీసు వృద్ధుడైన ఈస్కిలసును గెలిచినాడని ప్లూటార్కు వ్రాసెను. క్రీ.పూ. 449 ప్రాంతమున నటునకు వేరుగ బహుమానము నేర్పరచిరి. గెలుపొందిన వారి పేర్లను రాళ్లపై చెక్కించిరి గనుక నేటికిని మనకు తెలియుచున్నవి. అయితే యా రాళ్లపై ఖర్చు భరించిన ధనికుని పేరు కలదు, కవి పేరు కలదు. మేళముగా కూడి యాడిపాడిన పౌరుల పేర్లు లేవు. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. దీనితో ముందు మనకు పని కలదు.

ఇక మన తెలుగునాటి మాట. శ్రీనాథునకు ప్రౌఢదేవరాయల కొలువున కనకాభిషేకము, పెద్దనకు కృష్ణరాయల చేత గండపెండేరము జరిగినవని పెద్దలు చెప్పుదురు. అవి కవులకు జరిగిన సత్కారములు. ఆధునిక నాటకము మనకు 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచేత ఆడించిన ప్రదర్శనతో మొదలైనదందురు. 1885లో కడప సీమలోని సురభి గ్రామమున, తోలుబొమ్మలాట వృత్తిగా గల వనారస వారు ‘కీచకవధ’ ఆడి సురభి నాటక సమాజమునకు అంకురార్పణ చేసిరి. పిదప ఊరూర సమాజములు వెలసినవి. పగలు న్యాయవాదులు, గుమాస్తాలు, ఉపాధ్యాయులు. రాత్రి రాజులు, ఋషులు. బళ్ళారి రాఘవ అంతటి మహానటునకు జీవనాధారము న్యాయవాద వృత్తియే గాని నాటకము గాదు.

ఇట్టి సమాజములకు ఒక వేదిక కావలెనని 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు ఏర్పడెను. పోటీలు, నిర్ణేతలు, ఉత్తమ నటుడు, ఉత్తమ ప్రదర్శనము అను మర్యాదలు పరిషత్తుల మూలముగనే మనకు అలవడినవి. ఆ తెనాలిలోనే రామవిలాస సభలో స్త్రీపాత్రలు ధరించి కీర్తి గడించిన స్థానం నరసింహారావు గారికి 1956లో కేంద్ర ప్రభుత్వము పద్మశ్రీ నొసగెను. వారు రంగమెక్కిన తీరు వినదగినది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకమాడునపుడు చంద్రమతి వేషధారి రాకపోగా, ఆ లోటు తీర్చుటకు ఆయన ముందుకు వచ్చెనట.

అన్ని నాటకములకును బహుమానములే లభింపలేదు. 1947లో సుంకర, వాసిరెడ్డి కవులు తెలంగాణ రైతుల పోరాటమును వస్తువుగా గొని ‘మా భూమి’ వ్రాసిరి. ప్రజానాట్యమండలి దళములు దానిని ఊరూర ఆడినవి. జనము మెచ్చిరి, నాటి మద్రాసు ప్రభుత్వము నిషేధించినది. భరతుని లెక్క ప్రకారము ఆ నాటకమునకు మానుష సిద్ధులు పుష్కలము. పతాక మాత్రము దక్కలేదు.

1998 నుండి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నంది నాటకోత్సవములను ఆరంభించెను. పద్యనాటకము, సాంఘిక నాటకము, నాటిక, బాలల నాటిక యని విభాగములు చేసి బహుమానములిచ్చిరి. పల్లెల నుండి వచ్చిన సమాజములు పట్టణపు సమాజములతో సరిసమానముగా నిలిచి పోటీపడుటకు ఇది యొక దారి యయ్యెను. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప నంది ఆంధ్రప్రదేశ్ పక్షముననే నిలిచినది. 2023 డిసెంబరులో గుంటూరున ఆ యుత్సవములు జరిగినవి. 2013లో సురభి నాగేశ్వరరావు గారికి, 2024లో జనగామ జిల్లాకు చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్య గారికి పద్మశ్రీ లభించినది. చిందు వారు జాంబపురాణము మొదలగు ఆటలు తరతరములుగ ఊళ్లలో ఆడిరి. ఊరు వారికి ధాన్యము కొలిచినది, పాత బట్టలిచ్చినది. దానిని ఊరు తన దయ యనుకొన్నదే గాని, వారి విద్యకు బహుమానమని యెన్నడును పేరు పెట్టలేదు.

ఇక గోదావరిఖని చెంతనున్న మన ఊరి సంగతి. బొగ్గుబాయిల పని కొరకు నలుదిక్కుల నుండి వచ్చినవారు తమ వెంట తమ తమ ఊళ్ల ఆటపాటలను తెచ్చుకొనిరి. ఒగ్గుకథ, చిందు, పద్యనాటకము – అన్నియు ఇచట కలిసినవి. అయితే బాయి పని మూడు షిఫ్టులు. హరిశ్చంద్రుడు మొదటి షిఫ్టు, నక్షత్రకుడు రాత్రి షిఫ్టు అయినచో ఇద్దరును కలిసి పద్యము వల్లించుట యెన్నడు? ఒకరి షిఫ్టు నొకరు మార్చుకొని, నిద్ర మాని, తట్టా చెమ్మసు పట్టిన చేతులతోనే కిరీటములకు బంగారు కాగితము అంటించి వారు నాటకములు సిద్ధపరచెడివారు. రెప్పల అంచులందు కడిగినను పోని బొగ్గుమసి కాటుకగా పనికివచ్చెడిదని వారు నవ్వుచు చెప్పుకొనెడివారు.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట మన ఊరి గుడి ముందర ‘సత్యహరిశ్చంద్ర’ ఆడిరి. అక్షరములు కుదురుగా నుండునని చదివింపుల పద్దు వ్రాయుటకు నన్ను వేదిక ప్రక్కన కూర్చుండబెట్టిరి. కాటిసీనులో చంద్రమతి కొడుకు శవమును ఒడిలో నుంచుకొని పద్యమెత్తుకొనగా జనము ‘వన్స్ మోర్’ అని కేకలు వేసిరి. ముసలమ్మలు కొంగులు కండ్లకు అద్దుకొనిరి. పదకొండు రూపాయలు, యాభైయొకటి, నూటపదహార్లు వచ్చి పడినవి. ఇచ్చినవారి పేర్లను ఇంటిపేర్లతో సహా నేను వ్రాసితిని. మైకులో చదివిరి. తెల్లవారి కూడిక వేయగా ఒక్క రూపాయి తేడా రాలేదని నేను గర్వపడితిని.

గడచిన యేడు ఆ చంద్రమతి వేషధారి కుమారుడు నా యొద్దకు వచ్చెను. వృద్ధ కళాకారుల పింఛనునకు తండ్రిచేత దరఖాస్తు పెట్టించదలచి, ఆధారము కొరకు వెదకుచున్నాడు. “సారూ, మా నాయిన చంద్రమతి ఏసిండు గద! గా కాయితం మీ తాన ఉంటదని చెప్పిన్రు” అనెను. నేను పాత పెట్టె తీసి ఆ పుస్తకమును వెదకి పట్టుకొంటిని. చెదలు తినలేదు, అక్షరములు చెదరలేదు. మొదటి పుట నుండి చివరి పుట వరకు ఇచ్చినవారి పేర్లే గలవు. పుచ్చుకొన్నవాని పద్దు ‘చంద్రమతికి’ అని మాత్రమే యున్నది. ఆ వేషము ధరించిన మనుష్యుని పేరు ఎచ్చటను లేదు. ఏథెన్సు రాళ్లపై మేళమువారికి పట్టిన గతియే నా చేతిమీదుగ మన ఊరి నటునకు పట్టినది. ఆ కుమారుడు నన్నొక మాట అనలేదు. పుస్తకమును రెండుమార్లు త్రిప్పి చూచి, “పోనియ్ సారూ” అని వెడలిపోయెను. నాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పురస్కారము నొసగువారు ఎంత న్యాయవంతులైనను, వారి ముందునకు రాని పేరును వారు చూడజాలరు. పతాక నిచ్చువాడు రాజు కావచ్చును. ఆ పతాకకు దారి వేయువాడు ప్రక్కన కూర్చుండి వ్రాయు గణకుడు. ఆ గణకుడు ధనమునే లెక్కించి గుణమును విడిచినచో పురస్కారము కూడ ధనము వెంటనే నడచును. ఈ తప్పు నాది. దీనిని మరొకరిపై మోపను.

కావున రజతోత్సవ సమయమున నేను కోరునది సన్మానము గాదు, శాలువ గాదు. ఈ గ్రంథాలయమున ఒక గట్టి అట్ట పుస్తకము తెరువవలెను. మన చుట్టుపట్ల నాటకమాడినవారు, చిందు త్రొక్కినవారు, ఒగ్గు చెప్పినవారు, హార్మోనియము వాయించినవారు, తెర లాగినవారు, పెట్రోమాక్సు దీపము పట్టినవారు – వీరందరి పేర్లు, ఆడిన ఆట, వేసిన వేషము, జ్ఞాపకమున్నంతవరకు సంవత్సరము అందు వ్రాయవలెను. ముసలివారింటికి మనమే నడచి వెళ్లి అడుగవలెను. వారు చెప్పినదానిని ఆ ఆట చూచిన ఇరువురి సాక్ష్యముతో సరిచూడవలెను. ఇకమీదట ఏ ఆట యాడినను ఆ రాత్రియే పద్దు పడవలెను. ఈ పని జీతము లేకుండ నేను చేసెదను. నా తరువాత చేయుటకు మన పాఠశాల పిల్లలలో ఇద్దరిని నాకు అప్పగింపుడు.

మొదటి పుటలో మొదటి పేరును ఇదివరకే వ్రాసితిని. వేషము: చంద్రమతి. ఊరు: మన ఊరు. సాక్షులలో ఒకడను నేను. రెండవ సాక్షిగా సంతకము చేయుటకు ఆ రాత్రి కొంగుతో కండ్లు తుడుచుకొన్న అవ్వలలో ఒకరు ముందుకు వచ్చినారు. వారి వ్రేలిముద్ర పడినది.