క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో నిద్ర సమస్యలు

రాత్రంతా నిద్రపోయినా తెల్లారి లేచేసరికి ఒంట్లో సత్తువ లేకపోవడం క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో ప్రధాన లక్షణం. ఈ జబ్బునే మయాల్జిక్ ఎన్‌సెఫలోమైలైటిస్ అని కూడా అంటారు. 1994 నాటి ప్రమాణాల్లో సేదతీరని నిద్ర ఎనిమిది అనుబంధ లక్షణాల్లో ఒకటి; అది లేకున్నా జబ్బును నిర్ధారించేవారు. అమెరికాలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 2015లో దాన్ని తప్పనిసరి లక్షణాల్లో చేర్చింది. అలసటతో 6 నెలలకు మించి మునుపటిలా పనులు చేసుకోలేకపోవడం, శ్రమపడ్డాక జబ్బు తిరగబెట్టడం మిగతా రెండు. వీటికి తోడు మతిమరుపు, ఏకాగ్రత లోపం వంటివో, నిలబడితే కళ్లు తిరగడం వంటివో ఉండాలి.

నిద్ర చెడే తీరు అందరిలో ఒకేలా ఉండదు. జ్వరం వంటి ఇన్ఫెక్షన్‌తో జబ్బు మొదలైనవారు తొలి నెలల్లో విపరీతంగా నిద్రపోవచ్చు. తర్వాత అదే మనిషికి ఒళ్లు సోలిపోతున్నా కన్ను మూతపడదు. కొందరికి పగలూ రాత్రీ తారుమారవుతాయి.

నిద్ర పరీక్షలో ఈ జబ్బును పట్టిచ్చే ప్రత్యేకమైన గుర్తేదీ దొరకలేదు. అయినా ఆ పరీక్ష వృథా పోదు. పెద్ద గురక, నిద్రలో ఊపిరి ఆగడం ఉంటే స్లీప్ ఆప్నియా బయటపడుతుంది. సాయంత్రమయ్యేసరికి కాళ్లు జివ్వుమంటూ, కదిపితే తగ్గుతుంటే రెస్ట్‌లెస్ లెగ్స్‌ను అనుమానించి రక్తంలో ఫెరిటిన్ (ఇనుము నిల్వలను తెలిపే ప్రోటీన్) చూడాలి. రెండింటికీ చికిత్స ఉంది. వాటిలో ఒకటి బయటపడినంత మాత్రాన ఈ జబ్బు లేదనడానికి వీల్లేదు.

చిక్కంతా మామూలు నిద్రలేమికి చెప్పే సలహాలను యథాతథంగా ఇక్కడ అంటగట్టడంలోనే ఉంది. పగలు పడుకోవద్దు, బాగా వ్యాయామం చెయ్యండి అంటారు. కానీ ఈ జబ్బులో శ్రమ ఫలితం తరచు 12 నుంచి 48 గంటలు ఆలస్యంగా బయటపడుతుంది. ఆదివారం చుట్టాలకు వండిపెట్టిన మనిషి ఆ సాయంత్రం బాగానే ఉండి, సోమవారం రాత్రి నిద్రపట్టక, మంగళవారం మంచం దిగలేకపోవచ్చు. అందుకే ఓపిక అయిపోకముందే పని ఆపి, మధ్యమధ్య విశ్రమించే పేసింగ్‌తోనే నిద్ర సంరక్షణ కూడా మొదలవ్వాలి. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021 అక్టోబరు మార్గదర్శకాల్లో, క్రమంగా వ్యాయామం పెంచే చికిత్సను చేయించవద్దని చెప్పింది. నిద్రలేమికి వాడే, పడక సమయాన్ని కుదించే పద్ధతి కూడా ఈ రోగులకు బెడిసికొట్టవచ్చు.

రోజూ ఒకే వేళకు లేవడం, పొద్దున వెలుతురులో కాసేపు ఉండటం, మధ్యాహ్నం దాటాక కాఫీ, టీ మానడం చాలామందికి పనికొస్తాయి. పగటి కునుకు రాత్రి నిద్రను చెడగొడుతుంటే కొద్దికొద్దిగా తగ్గించుకోవచ్చు. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఆ కునుకు అవసరం. దాన్ని బద్ధకమని దెప్పడం అన్యాయం.

ఈ జబ్బును నయం చేసే మందు లేదు. నిద్రకు మెలటోనిన్, తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ వంటివి వైద్యులు రాస్తుంటారు. చాలామంది రోగులకు మందులు తేలిగ్గా పడవు కనుక అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టాలి. అమిట్రిప్టిలిన్‌తో పొద్దున మత్తు, నిలబడగానే బీపీ పడిపోవడం రావచ్చు. ముందే కళ్లు తిరిగేవారు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి. నిద్రవేళలతో పాటు ముందు రెండు రోజుల్లో చేసిన పనులు కూడా ఒక నోటు పుస్తకంలో రాసి తీసుకెళితే, ఏ రాత్రి ఎందుకు చెడిందో డాక్టరుకు తెలుస్తుంది.